ఏకగ్రీవంగా ఎన్నికైన కర్నల్

చరిత్రలో పీహెచ్‌డీ చేద్దామనుకునే తెలుగు పిల్లలు ఏడాదికి ఒకరో ఇద్దరో సిడ్నీ శివార్లలో కెల్లీవిల్‌లోని మా ఇంటికి వస్తుంటారు. ఇంజనీరింగు మధ్యలో మానేసి వచ్చినవాళ్లు కొందరు, అమ్మానాన్నలకు చెప్పకుండా వచ్చినవాళ్లు ఇంకొందరు. కాఫీ కప్పు కింద పెట్టకముందే అందరూ ఒకటే అడుగుతారు. "ఆంటీ, ఏ టాపిక్ తీసుకుంటే జాబ్ వస్తుంది?" నాకు తెలియదంటే నమ్మరు. ఇన్నేళ్లు యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూస్తారు. నిజంగానే తెలియదు. ఈ పని లోపల ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. అదీ చాలావరకు నేను విద్యార్థిగా ఉన్న మొదటి ఏడాదిలోనే తెలిసింది. ఆ తర్వాత వచ్చిన ఉద్యోగాలూ హోదాలూ కమిటీలూ మీకు అక్కర్లేదు. నాకూ అంతగా గుర్తులేవు.

విషయం మనం ఎంచుకోం

ఎనభైల్లో స్కాలర్‌షిప్ మీద సిడ్నీ వచ్చాను. అంతకుముందు బాపట్ల వైపు ఒక ఎయిడెడ్ కాలేజీలో రెండేళ్లు చరిత్ర ట్యూటర్‌గా చేశాను. ఆ బోధనానుభవం ఉండబట్టే స్కాలర్‌షిప్ వచ్చింది. మా పక్క దొరల కాలంలో రైతుల పరిస్థితి ఎలా ఉండేదో రాయాలని నా కోరిక. ఒక్క పేజీ చదవకముందే దానికి నాలుగు వరసల శీర్షిక కూడా పెట్టేసుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నా గైడు మార్గరెట్ అనే ఆవిడ. పొడుగ్గా, ఎండకు కమిలిన మొహంతో, ఎప్పుడు చూసినా ఆపిల్ పండు కొరుకుతూ ఉండేది. మొదటి నెలంతా మేడమ్ అని పిలిచాను. ఇంకోసారి మేడమ్ అంటే నిన్ను మహారాణీ గారూ అని పిలుస్తానంది. మొదటిరోజే నా శీర్షిక చదివి కాయితం తిరిగిచ్చేసింది. "నువ్వు ఏం రాస్తావని ఇక్కడ అందరూ అనుకుంటున్నారో సరిగ్గా అదే రాస్తానంటున్నావు," అంది. నాకు చాలా కష్టమనిపించింది. అంత దూరం నుంచి వచ్చి మన ఊరి సంగతి రాయకూడదా అని హాస్టల్ గదిలో కూచుని ఏడ్చాను.

ఆవిడ నాకిచ్చింది ఒక కర్నల్‌ని. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ సైన్యంలో అధికారిగా ఉంటూనే పార్లమెంటులో సభ్యుడుగా ఉన్న మనిషి. ఆ రోజుల్లో రెండూ ఒక్కరే చెయ్యడం మామూలే. పేరు చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు, ఇంగ్లండులోనే ఆయన ఎవరికీ గుర్తులేడు. ఆయన్నే ఎందుకంటే, అంతకు ముందెవరో విద్యార్థి ఆయన మీద పరిశోధన మొదలుపెట్టి వదిలేసి పోయాడు. అతని కోసం లైబ్రరీ తెప్పించిన, కర్నల్ ఉత్తరాలు ఫొటో తీసిన మైక్రోఫిల్మ్ రీళ్లు బీరువాలో ఊరికే పడి ఉన్నాయి. మనం విషయాన్ని ఎంచుకున్నామని తర్వాత పీఠికల్లో రాసుకుంటాం. చాలాసార్లు లైబ్రరీలో ఏముంటే అదే మన విషయం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, పిండి కొద్దీ రొట్టె.

నోరు విప్పని మనిషి

కర్నల్ ఒక జమీందారుగారి రెండో కొడుకు. ఆస్తంతా అన్నకు పోయింది, ఈయన్ని పదహారో ఏట సైన్యంలో పడేశారు. రెండు యుద్ధాలు చూశాడు, మోకాలికి దెబ్బ తగిలింది. తర్వాత తన రెజిమెంటుకే అధిపతి అయ్యాడు. ఒక చిన్న పట్నం నుంచి వరసగా నాలుగుసార్లు పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆ నాలుగు విడతల్లోనూ సభలో ఒక్కసారైనా నోరు విప్పిన జాడ లేదు.

రోజూ లైబ్రరీ కింది అంతస్తులో, చీకటి గదిలో, ఆ రీళ్లు తిప్పుకుంటూ కూచునేదాన్ని. ఆయన రాసినవన్నీ గుర్రాల దాణా గురించీ, ఇంటికప్పు కారడం గురించీ, మోకాలి నొప్పి గురించీను. దేశం గురించి ఒక్క మాట లేదు. మధ్యాహ్నం పైకి వెళ్లి కాసేపు ఎండలో నిలబడి వచ్చేదాన్ని. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. చదివినదాంట్లో ఎక్కువభాగం ఎందుకూ పనికిరాదు, అయినా చదవాలి. చదివింది వృథా పోయిందన్న బాధతో ప్రతిదాన్నీ గోరంతలు కొండంతలు చేసి రాసేవాళ్లు మంచి చరిత్రకారులు కాలేరు. మంచి జీతాలు మాత్రం తెచ్చుకుంటారు.

మొదటి ఏడాది చివర సమీక్ష ఉండేది. ముగ్గురు అధ్యాపకుల ముందు ఒక అధ్యాయం పెట్టి, ఇందులో సిద్ధాంతవ్యాసానికి సరిపడా సరుకుందని ఒప్పించాలి. ఒప్పించలేకపోతే స్కాలర్‌షిప్ అంతటితో ఆఖరు, సామాను సర్దుకుని ఇంటికి. మా శాఖాధిపతి నన్ను మెట్ల మీద ఆపి, మాట్లాడని మనిషి మీద మూడువందల పేజీలు ఎలా రాస్తావని నవ్వుతూ అడిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేనూ నవ్వేసి మళ్లీ రీళ్ల దగ్గరికి దిగిపోయాను.

పోటీ లేదంటే

కర్నల్ ఎన్నికల గురించి మార్గరెట్ ఒక్క వాక్యం చాలంది. నాలుగుసార్లూ పోటీ లేకుండా ఎన్నికయ్యాడు, పోటీ లేనిచోట చెప్పడానికేముంటుంది, ముందుకు పొమ్మంది. అప్పటి పుస్తకాలన్నీ అలాగే చేసేవి. పోటీ జరిగిన ఎన్నికల మీద అధ్యాయాలు, జరగనివాటి మీద ఒక వాక్యం.

ఆవిడతో వాదించడం నాకదే మొదటిసారి. మాది పంచాయతీ ఎన్నికలు బాగా ఒంటబట్టిన ఊరు. పోటీ జరిగిన ఏడాది మా ఊళ్లో నెలరోజుల గొడవ. ఏకగ్రీవమైన ఏడాది ఆర్నెల్ల గొడవ. ఏకగ్రీవం అంటే పోటీ లేదని కాదు, పోటీ అంతా నామినేషన్లకు ముందే అయిపోయిందని. రైసుమిల్లు వసారాలో మంచాలేసుకుని పెద్దమనుషులు కూచునేవారు. ఒకరికి ఉపసర్పంచి పదవి, ఒకరికి సొసైటీ ప్రెసిడెంటు గిరీ, ఇంకొకరి వీధికి మెటల్ రోడ్డు. తప్పుకున్నవాడెవడూ ఉత్తచేతుల్తో తప్పుకోడు. ఇంగ్లండులో ఎన్నిక జరగలేదంటే, ఎవరు తప్పుకున్నారు, తప్పుకున్నందుకు వాళ్లకేం దక్కిందని అడగాలి. ఇదంతా నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. మార్గరెట్ ఆపిల్ కొరకడం ఆపింది. "అయితే వెళ్లి చూడు," అంది. ఆవిడ పొగడ్త అంతవరకే. తర్వాత ఎన్నేళ్లు పరిచయమున్నా అంతకు మించి పొగడగా నేను వినలేదు.

చూశాను. ఆ చిన్న పట్నంలో కర్నల్‌కు ఎదురు నిలబడగల సత్తా ఉన్న కుటుంబాలు మూడు. ఒకరు తోళ్ల వ్యాపారులు, ఒకరు వకీళ్లు, ఒకరు సారా కాచేవాళ్లు. అలాంటి ఒక ఎన్నిక గడిచిన కొద్ది నెలల్లోనే ఆ మూడు ఇళ్ల కుర్రాళ్లూ కర్నల్ రెజిమెంటులో చిన్న అధికారులుగా తేలారు. మామూలుగా ఆ ఉద్యోగం డబ్బు పెట్టి కొనుక్కోవాలి. యుద్ధకాలంలో ఖాళీలు పడితే మాత్రం కర్నల్ సిఫారసు చాలు. ఇవేమీ దాచిన రహస్యాలు కావు, అందరికీ అందుబాటులో ఉన్న అచ్చు పుస్తకాల్లోవే. సైన్యం సంగతి చదివేవాళ్లు ఎన్నికలు చదవరు, ఎన్నికలు చదివేవాళ్లు సైన్యం చదవరు, అంతే.

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అధ్యాయం ఒక్క ఊపులో రాసేశాను. ఆ కుర్రాళ్లను చెడామడా తిట్టాను కూడా. అయ్యలు పోటీని అమ్ముకుంటే వచ్చిన హోదాలు, అర్హత లేని పిల్లకాయలు, వాళ్లకింద పనిచేసిన సిపాయిల ఖర్మ, ఇలా సాగింది నా ధోరణి. ముగ్గురిలో ఒకడు వెస్టిండీస్ దీవుల్లో జ్వరం తగిలి పదిహేడో ఏటే పోయాడు. వాడికి కూడా ఒక చురక వేశాను.

మార్గరెట్ అధ్యాయం తిరిగిచ్చింది. అంతటికీ కలిపి ఒక్కచోటే పెన్సిలు గుర్తు పెట్టింది. "ఆ పిల్లలకు తెలుసా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. తమకు ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో వాళ్లకు తెలుసా అంది. తెలియకేం, ఎవడి ఉద్యోగం ఎలా వచ్చిందో వాడికి తెలియకుండా ఉంటుందా అన్నాను. సరే ఆలోచించు, సమీక్షకు ఇంకా వ్యవధి ఉందిగా అంది.

డేవిడ్ అంకుల్ చెప్పిన మాట

ఆదివారాలు డేవిడ్ అంకుల్ ఇంట్లో తెలుగు ప్రార్థన జరిగేది. మా పక్క ఊరాయన. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం మీద చాలా ముందే వచ్చి స్థిరపడ్డాడు. ప్రార్థనయ్యాక మణి ఆంటీ వండిన గోంగూర మాంసం, వెనక పెరట్లో అంకుల్ కాల్చే సాసేజీలు. అవి ఇంటి గోంగూర పచ్చడిలో నంజుకుని తినేవాళ్లం. రుచి ఎలా ఉండేదని అడక్కండి, హాస్టల్ తిండి తిన్న నోటికి అది అమృతం.

ఆ ఆదివారం నేను ఉత్సాహం ఆపుకోలేక కర్నల్ కథంతా చెప్పాను. పోటీ లేకుండా ఎన్నికవడం, మూడిళ్లవాళ్లు తప్పుకోవడం, కుర్రాళ్లకు ఉద్యోగాలు. అంకుల్ సాసేజీలు తిరగేస్తూ వింటున్నాడు.

"ఇందులో రీసెర్చ్ ఏముంది అమ్మాయ్? మీ నాన్న చేసింది అదేగా," అన్నాడు.

ఏం చేశాడన్నాను. అంకుల్ నా మొహం చూసి పట్టకారు పక్కన పెట్టాడు. "నీకు తెలీదా? మా అన్నయ్య అక్కడే ఉన్నాడు, రైసుమిల్లు కాడ. మీ నాన్న నామినేషన్ విత్‌డ్రా చేసుకున్నందుకేగా నీకు కాలేజ్‌లో జాబ్ ఇచ్చింది. ఐ థాట్ యూ న్యూ."

మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి మానేసిన మనిషి. ఊళ్లో ఏ ఇంట్లో జ్వరమొచ్చినా ఆయన వెళ్లాల్సిందే. సర్పంచి కావాలని ఆయనకు ఎన్నాళ్లనుంచో కోరిక. నేను ఎం.ఏ. చదువుతుండగా నామినేషన్ వేశాడు. చివరిరోజు తీసేసుకున్నాడు, పోటీగా నిలబడ్డ వీరయ్యగారు ఏకగ్రీవమయ్యారు. నేను సెలవులకు వెళ్లి అడిగితే బీపీ ఎక్కువైందని అమ్మ చెప్పింది. ఆ కాలేజీ కరస్పాండెంటు వీరయ్యగారి బావమరిది. ఆ సంగతి నాకు తెలుసు, ఎప్పుడూ రెండూ కలిపి చూడలేదు. ఇంటర్వ్యూలో నన్ను రెండే ప్రశ్నలడిగి పంపేశారు. అంత తెలివిగా కనిపించాను కాబోలని మురిసిపోయాను.

నాకు కోపం వచ్చింది, సిగ్గు వేసింది. ఏది ముందో చెప్పలేను. ఇంగ్లండులో రెండువందల ఏళ్లనాటి తోళ్ల వ్యాపారి ఏం చేశాడో పట్టుకున్నదాన్ని, మా నాన్న ఏం చేశాడో పట్టుకోలేకపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను ఇంటి జోలికే పోలేదు. బస్సులో తిరిగి వస్తుంటే జ్వరంతో పోయిన ఆ పదిహేడేళ్ల కుర్రాడు గుర్తొచ్చాడు. వాడిని అనరాని మాటలన్నాను. వాడికీ తెలిసి ఉండదు.

నాన్నతో

మా ఊళ్లో ఫోను పోస్టాఫీసులో ఒక్కటే. ముందుగా కబురు పెట్టి, నాన్న అక్కడికి వచ్చే వేళకు చెయ్యాలి. వారం పట్టింది. ఆ వారంలో ఏమేం అడగాలో చాలా అనుకున్నాను. తీరా ఆయన గొంతు వినగానే నిజమేనా అని ఒక్క మాటే అడిగాను.

"డేవిడ్ చెప్పాడా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు," అన్నాడు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే చేరేదానివా?"

చేరేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆయనే మళ్లీ అందుకున్నాడు. "ఇదిగో, నువ్వు పెద్ద త్యాగమేదో అనుకుని బాధపడమాక. నిలబడితే ఓడిపోయేవాణ్ణే తల్లీ. ఓడిపోయేవాణ్ణి తప్పుకోమని వాళ్లే వచ్చి అడిగారు, అమ్మాయికి ఉద్యోగమిస్తామన్నారు. ఎవడన్నా కాదంటాడా?" నవ్వాడు కూడా. తర్వాత అక్కడ చలి ఎలా ఉందని అడిగాడు. వేసవి అని చెప్పాను.

నేను ఫోను పెట్టి బయటికొచ్చేసరికి గుండె తేలికైంది. ఇంకా చిత్రంగా, అధ్యాయం దారికొచ్చింది. తప్పుకున్నవాళ్లంతా గెలవగలిగిన వాళ్లేనని నేను రాసేశాను. అదెలా తెలుసు? తప్పుకోవడానికి ఇచ్చిన ప్రతిఫలం చూస్తే ఇచ్చినవాడి భయం ఎంతో తెలుస్తుంది, పుచ్చుకున్నవాడి బలం ఎంతో తెలియదు. మా నాన్న లాంటి తోళ్ల వ్యాపారి ఒకడు, కర్నల్ పిరికితనాన్ని చూసి లోపల నవ్వుకుంటూ కొడుక్కి ఉద్యోగం సంపాదించి ఉండొచ్చు. కుర్రాళ్లను తిట్టిన పేజీలన్నీ తీసేశాను. వాళ్లకు తెలుసో లేదో మనకు తెలియదని ఒక్క వాక్యం రాశాను. చరిత్రలో తెలియదని రాయడానికి ఎంత ధైర్యం కావాలో మీకు నాలుగేళ్లు పోయాక అర్థమవుతుంది.

సమీక్ష రోజున శాఖాధిపతి ఒకటే అడిగాడు, జరగని ఎన్నికలో ఇంత ఉందని నీకెలా తోచిందని. మా ఊళ్లో చూశానన్నాను. మార్గరెట్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. ఆవిడకు నేనేమీ చెప్పలేదు, అయినా ఏదో జరిగిందని పోల్చుకుంది అనుకుంటాను. స్కాలర్‌షిప్ నిలిచింది. ఆ కర్నలే పుస్తకమయ్యాడు, ఆ పుస్తకమే నాకు అన్నం పెట్టింది.

ఎవరిని నమ్మాలి

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. ఆపడం కుదరదు.

నాన్న పోయిన చాలా ఏళ్లకు, ఏదో సెమినారుకు మెల్‌బోర్న్ వెళ్లాను. అక్కడి శివారు వెర్రిబీలో మనవరాలి ఇంటికి వీరయ్యగారు వచ్చి ఉన్నారని తెలిసింది. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. తొంభైకి దగ్గర పడిన మనిషి, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ఎండలో కుర్చీలో కూచున్నారు. మునిమనవడు పక్కన ఇంగ్లీషులో ఏదో వాగుతుంటే అన్నిటికీ తలూపుతున్నారు. నేను ఫలానా కాంపౌండరు గారి అమ్మాయినని చెప్పగానే నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ ఎన్నిక ఊసు నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తారు. "ఆ ఏడు మీ నాన్న నిలబడితే నాకు డిపాజిట్టు కూడా దక్కేది కాదమ్మా. మీ పేటా, చేపల వీధీ, సగం మా బజారూ ఆయన వెనకే ఉంది. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నీ ఉద్యోగం మాట ఎత్తింది మేం కాదు, ఆయనే. వేరే ఏదీ అడగలేదు."

మనవరాలు టీ తెచ్చింది. తాగాను.

మా వృత్తిలో ఒక సూత్రం ఉంది, మీకూ నేర్పుతారు. సాక్షులు ఇద్దరు రెండు రకాలుగా చెబితే, తన పరువుకు నష్టం కలిగే మాట చెప్పినవాణ్ణి నమ్మాలి. ఓడిపోయేవాణ్ణని చెప్పి మా నాన్న తన పరువు తగ్గించుకున్నాడు. డిపాజిట్టు దక్కేది కాదని వీరయ్యగారు తన పరువు తగ్గించుకున్నారు. సూత్రం నాకు పనికిరాలేదు. ఓట్లు లెక్కపెట్టి చూద్దామా అంటే, పడని ఓట్లకు లెక్కెక్కడిది? నాన్నని అడుగుదామంటే ఆయన లేడు.

నా విద్యార్థి ఎవరైనా ఇంతకంటే తక్కువ అనుమానమున్న విషయాన్ని తేల్చి రాస్తే నేను ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. మీరు రాసినా కొట్టేస్తాను. కానీ నేను రిటైరయ్యాను, నా రాత కొట్టేసేవాళ్లెవరూ లేరు. అందుకని ఆధారం లేకుండా రాస్తున్నాను. మా నాన్న గెలిచేవాడు.